మీకు తెలుసా? మినిమైజ్ చేసిన చెస్ ప్రోగ్రాం మెమరీ ఎక్కడికి పోతుంది?

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో కంప్యూటర్ మీద చెస్ ఇంజిన్లని పోటీకి దింపినవాళ్ళు ఈ వింత చూసే ఉంటారు. అరీనా లాంటి ప్రోగ్రాం తెరిచి, రెండు ఇంజిన్లకి మ్యాచ్ పెట్టి, విండోని మినిమైజ్ చేసి టాస్క్ మేనేజర్ తెరిస్తే, ప్రోగ్రాం పేరు పక్కన ఉన్న మెమరీ అంకె ఒక్కసారిగా పడిపోయేది. పదుల ఎంబీలున్నది నాలుగైదు ఎంబీలకి దిగేది. విండోని మళ్ళీ పైకి తెస్తే కాస్త పెరిగేది గానీ, మునుపటి అంకెకి వెంటనే చేరేది కాదు. అది చూసి కొందరు మినిమైజ్ చేస్తే ర్యామ్ మిగులుతుందనుకున్నారు. ఇంకొందరు ఇంజిన్ వేసుకున్న లెక్కలన్నీ పోయాయేమో, ఆట బలం తగ్గిందేమో అని కంగారుపడ్డారు. రెండు ఊహలూ తప్పే.

ఆ అంకె పేరు వర్కింగ్ సెట్. ప్రోగ్రాం అడిగి తీసుకున్న మెమరీ మొత్తం ఒక లెక్క. అందులో ఈ క్షణాన ర్యామ్‌లో దాని చేతికి నేరుగా అందేది ఎంత అన్నది ఇంకో లెక్క. వర్కింగ్ సెట్ ఈ రెండోది. విండోని మినిమైజ్ చేశారంటే కాసేపటిదాకా దానితో పనిలేదని అప్పటి విండోస్ లెక్కగట్టి, ఆ ప్రోగ్రాం వర్కింగ్ సెట్‌ని కత్తిరించేది. కత్తిరించిన పేజీలు చెరిగిపోవు. పండగ అయ్యాక పెద్ద గిన్నెలని అటకెక్కిస్తాం చూడండి, సామాను ఇంట్లోనే ఉంటుంది, చేతికందే చోట ఉండదు, అంతే. ర్యామ్‌లో ఖాళీ ఉన్నంతకాలం ఆ పేజీలు ర్యామ్‌లోనే ఒక పక్క జాబితాలో ఉంటాయి. ప్రోగ్రాం అడగ్గానే డిస్క్ ఊసు లేకుండా తిరిగొస్తాయి. దీన్ని సాఫ్ట్ ఫాల్ట్ అంటారు. ర్యామ్ నిండిపోయి వేరే ప్రోగ్రాంకి చోటు కావాల్సి వచ్చినప్పుడే అవి డిస్క్ మీది పేజ్‌ఫైల్‌కి చేరతాయి. అక్కణ్ణించి తిరిగి తేవడం హార్డ్ ఫాల్ట్. మెమరీ వైపు నుంచి చెస్ ఇంజిన్‌ని నిజంగా దెబ్బతీసేది ఇదొక్కటే.

అసలు మొత్తం ఎంతో తెలియాలంటే ఇప్పటి విండోస్ టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కి వెళ్ళి, కమిట్ సైజ్ అనే నిలువు వరసని కలుపుకోండి. ఎన్నిసార్లు మినిమైజ్ చేసినా ఆ అంకె దిగదు.

ఈ కత్తిరింపు చెస్ ప్రోగ్రాములకి మాత్రమే ప్రత్యేకం కాదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లోనైతే మినిమైజ్ చేసినప్పుడు కత్తిరించాలా వద్దా అని మనమే ఎంచుకునే సెట్టింగ్ ఒకటి ఉండేది.

తెర మీద కనపడే బోర్డు వేరు, ఎత్తులు ఆలోచించే ఇంజిన్ వేరు. ఈ సంగతి తెలియకే సగం అపోహలు పుడతాయి. 2000లో రుడాల్ఫ్ హూబర్, స్టెఫాన్ మేయర్-కాలెన్ కలిసి యూసీఐ అనే ఒప్పందాన్ని బయటపెట్టారు. బోర్డు చూపించే ప్రోగ్రాం, ఇంజిన్ అనే ఇంకో ప్రోగ్రాం, మామూలు అక్షరాల్లో ఒకదానికొకటి వాక్యాలు పంపుకుంటాయి. బోర్డు ప్రోగ్రాం 'పొజిషన్' అని స్థానం చెప్పి, 'గో' అని గడియారం లెక్క చెబుతుంది. ఇంజిన్ లెక్కలన్నీ అయ్యాక 'బెస్ట్‌మూవ్' అని ఒక్క ఎత్తు తిప్పి పంపుతుంది. స్టాక్‌ఫిష్ లాంటి ఇంజిన్‌కి సొంత విండో లేదు. లేని విండోని మినిమైజ్ చేసేది ఎలా? అందుకే టాస్క్ మేనేజర్‌లో మూడు వరసలు కనపడతాయి: బోర్డు ప్రోగ్రాం, తెల్లపావుల ఇంజిన్, నల్లపావుల ఇంజిన్. మినిమైజ్ చేసినప్పుడు అంకె పడిపోయింది మొదటి వరసలోనే. కింది రెండిట్లో ఆలోచన ఎప్పటిలాగే సాగుతుంటుంది.

ఆ ఇంజిన్ వరసల్లో మెమరీని ఎక్కువగా తినేది ఏమిటి? హ్యాష్ అని సెట్టింగుల్లో కనపడే పట్టిక. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే కథంతా ఇందులోనే ఉంది. చదరంగంలో ఒకే స్థానానికి ఎన్నో దారుల్లో చేరొచ్చు. ముందు గుర్రాన్ని కదిపి తర్వాత బంటుని తోసినా, బంటుని తోసి గుర్రాన్ని కదిపినా చివరికి బోర్డు ఒక్కటే. ఒకసారి లెక్కగట్టిన స్థానాన్ని మళ్ళీ మొదటినుంచి లెక్కగట్టడం దండగ కాబట్టి, ఇంజిన్ దాని ఫలితాన్ని ఈ పట్టికలో రాసిపెట్టుకుంటుంది. స్టాక్‌ఫిష్ ఒక్కో స్థానానికి వాడేది 10 బైట్లు. అందులో ఆ స్థానం గుర్తులో కొంత భాగం, మంచి ఎత్తు, విలువ, ఎంత లోతుకి వెతికిందీ అన్నీ ఇమిడిపోతాయి. ఇలాంటివి మూడేసి కలిపి 32 బైట్ల గుంపుగా పెడుతుంది. ఆ లెక్కన, మార్చకుండా వదిలేస్తే ఉండే 16 ఎంబీ హ్యాష్‌లో 15,72,864 స్థానాలు పడతాయి. 1 జీబీ ఇస్తే 10,06,63,296. పది కోట్ల పైచిలుకు.

ఇన్ని కోట్లలో కావలసిన స్థానం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? దీనికి దారి చూపించింది ఆల్బర్ట్ జోబ్రిస్ట్, 1970లో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి. పన్నెండు రకాల పావులు, 64 గళ్ళు, అంటే 768 యాదృచ్ఛిక సంఖ్యలు. దానికి తోడు ఎవరి వంతు, కోట కట్టే హక్కు లాంటివాటికి మరికొన్ని. బోర్డు మీదున్న పావుల సంఖ్యలన్నిటినీ ఎక్స్-ఆర్ అనే లెక్కతో కలిపితే ఆ స్థానానికి ఒక 64 బిట్ల గుర్తు వస్తుంది. పావు కదిలితే మళ్ళీ మొత్తం కలపక్కర్లేదు, పాత గడి సంఖ్యని తీసేసి కొత్త గడి సంఖ్యని కలిపితే చాలు. ఎంత అందమైన ఉపాయం! ఆ గుర్తే పట్టికలో చోటు కూడా చెబుతుంది.

అయితే ఈ అందానికి ఒక ఖరీదుంది. గుర్తు యాదృచ్ఛికం కాబట్టి, పక్కపక్క స్థానాలు పట్టికలో పక్కపక్కన ఉండవు. ఒక ఎత్తు వేస్తే పట్టికలో ఈ మూల నుంచి ఆ మూలకి దూకాలి. విండోస్ మెమరీని 4 కేబీ పేజీలుగా పంచుతుంది. 1 జీబీ హ్యాష్ అంటే 2,62,144 పేజీలు. ఇంజిన్ సెకనులో లక్షల స్థానాలు చూస్తుంది, దాదాపు ప్రతి స్థానానికీ ఈ పేజీల్లో ఏదో ఒకదాన్ని తడుముతుంది. మామూలు ప్రోగ్రాములకి ఎక్కువగా వాడే పేజీలు కొన్నే ఉంటాయి, మిగతావి డిస్క్‌కి వెళ్ళినా పెద్దగా తెలియదు. ఇంజిన్‌కి మాత్రం అన్ని పేజీలూ ఒకేలా కావాలి.

ఇప్పుడు కాలం లెక్క చూడండి. ర్యామ్‌లో ఒకచోటు చదవడానికి పట్టేది సుమారు 100 నానోసెకన్లు. ఎస్ఎస్‌డీ నుంచి తేవాలంటే సుమారు 100 మైక్రోసెకన్లు, వెయ్యి రెట్లు. పాత తిరిగే హార్డ్‌డిస్క్ అయితే దాదాపు 10 మిల్లీసెకన్లు, లక్ష రెట్లు. హార్డ్‌డిస్క్ మీద ఒక్క సెకనులో దొరికేవి వంద పేజీలే. సెకనుకి లక్షల స్థానాలు చూసే ఇంజిన్ వంద దగ్గర కూలబడుతుంది. హ్యాష్‌లో పదోవంతు పేజ్‌ఫైల్‌కి పోయినా చాలు, ఆట బలం నేలమట్టం అవుతుంది. తెర మీద మాత్రం ఏమీ తెలియదు, గడియారం తిరుగుతూనే ఉంటుంది, ఎత్తులు పడుతూనే ఉంటాయి. బలమైన ఇంజిన్ బలహీనమైనదాని చేతిలో ఎందుకు ఓడిందో అర్థంకాక మనం ఇంజిన్‌నే తప్పుపడతాం.

చరిత్రలో ఒక ముచ్చటైన కలయిక ఉంది. ఈ పట్టికని తొలిగా వాడిన చెస్ ప్రోగ్రాంగా పేరున్నది మ్యాక్ హ్యాక్. రిచర్డ్ గ్రీన్‌బ్లాట్ అమెరికాలోని ఎంఐటీలో రాశాడు, 1967లో అది మనుషుల టోర్నమెంట్లలోనే ఆడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే ఎంఐటీలో, ప్రాజెక్ట్ మ్యాక్ అనే అదే పరిశోధన కార్యక్రమం నీడలో, పీటర్ డెన్నింగ్ అనే పరిశోధక విద్యార్థి ఒక ప్రోగ్రాంకి ఏ క్షణాన ఎన్ని పేజీలు ర్యామ్‌లో ఉండాలి అన్న ప్రశ్న మీద పనిచేస్తున్నాడు. వర్కింగ్ సెట్ అన్న మాట ఆయనదే, 1968లో పత్రంగా అచ్చయింది. ప్రోగ్రాం కొంతకాలం కొన్ని పేజీల చుట్టే తిరుగుతుందన్నది ఆయన సిద్ధాంతానికి పునాది. ఆ పునాదికి పూర్తిగా ఎదురు తిరిగే పట్టిక అదే సంస్థలో తయారవడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యంగా ఉంటుంది. మన టాస్క్ మేనేజర్‌లో ఇవాళ ఆ రెండూ ఒకే వరసలో కలుస్తున్నాయి.

ఇదంతా సిద్దిపేటలో చదరంగం నేర్చుకునే పిల్లలకి ఎందుకు? మా జిల్లాలోని హుస్నాబాద్ దాటి, ఎల్కతుర్తి మీదుగా వెళ్తే హనుమకొండ. 2024 డిసెంబర్ ఫిడే జాబితాలో 2801 రేటింగ్‌తో, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడిగా నిలిచిన అర్జున్ ఎరిగైసి ఆ ఊరివాడే. అదే డిసెంబర్లో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు, తెర వెనక ఎత్తులు సిద్ధం చేసిన బృందంలో గుంటూరు బిడ్డ పెంటేల హరికృష్ణ ఉన్నాడు. ఆ స్థాయిలో ఇంజిన్ లేకుండా తయారీ లేదు. ఆ తయారీలో ముందువరసలో ఉండే స్టాక్‌ఫిష్‌ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, దాని కోడ్ జీపీఎల్ లైసెన్స్ కింద అందరికీ తెరిచే ఉంది. ప్రపంచంలో అందరికన్నా బలంగా ఆడే ప్రోగ్రాం మన పిల్లల చేతిలో పైసా ఖర్చు లేకుండా ఉంది. తేడా అంతా దాన్ని నడిపే యంత్రంలోనూ, నడిపే పద్ధతిలోనూ ఉంది. యంత్రం మార్చడం అందరి వల్లా కాదు. పద్ధతి మార్చడం అందరి వల్లా అవుతుంది.

మా వైపు ఇళ్ళల్లో కనపడే ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా 8 జీబీ ర్యామ్‌వే. పిల్లలు చేసే మొదటి పని హ్యాష్‌ని దొరికినంత పెంచడం. ఒక్కో ఇంజిన్‌కి 4096 ఎంబీ, అంటే 4 జీబీ, పెడతారు. మ్యాచ్‌లో ఇంజిన్లు రెండు. నాలుగూ నాలుగూ ఎనిమిది, ఇక విండోస్ ఎక్కడుండాలి, బోర్డు ప్రోగ్రాం ఎక్కడుండాలి, పక్కన తెరిచిన బ్రౌజర్ ఎక్కడుండాలి? అలాంటి యంత్రంలో విండోస్‌కీ మిగతావాటికీ 3 జీబీ వదిలి, మిగిలినదాంట్లో ఒక్కో ఇంజిన్‌కి 2048 దాటకుండా పెట్టుకోవాలి. ఒకేసారి రెండు గేములు నడిపిస్తే ఇంజిన్లు నాలుగవుతాయి, అప్పుడు 1024. బ్రౌజర్ తెరిచే ఉంచుతామంటే ఇంకా తగ్గించాలి.

పైగా పొట్టి గేములకి అంత హ్యాష్ అవసరమే లేదు. స్టాక్‌ఫిష్‌లో చేసే ప్రతి చిన్న మార్పునీ పరీక్షించడానికి 2013 నుంచి ఫిష్‌టెస్ట్ అనే ఏర్పాటు నడుస్తోంది. ప్రపంచం నలుమూలల నుంచి స్వచ్ఛందంగా ఇచ్చిన కంప్యూటర్ల మీద లక్షల గేములు ఆడిస్తారు. అక్కడ 10 సెకన్లు, ఎత్తుకి 0.1 సెకను అదనం ఉండే గేములకి హ్యాష్ 16 ఎంబీ మాత్రమే. 60 సెకన్ల గేములకి 64 ఎంబీ. ఇంజిన్ రాసేవాళ్ళే అంతతో సరిపెట్టుకుంటుంటే, నిమిషం గేములకి మనం జీబీలు ఇచ్చేది ఎందుకు? రాత్రంతా ఒకే స్థానాన్ని విశ్లేషించాలంటే అది వేరే మాట, అక్కడ పెద్ద హ్యాష్ పనికొస్తుంది.

హ్యాష్ 16 ఎంబీయే పెట్టాను, మరి టాస్క్ మేనేజర్‌లో వందకి పైగా చూపిస్తోందేమిటని అడిగేవాళ్ళున్నారు. 2020 సెప్టెంబర్లో వచ్చిన స్టాక్‌ఫిష్ 12 నుంచి ఇంజిన్ లోపల ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్ ఉంటోంది. ఈ పద్ధతి పేరు ఎన్ఎన్‌యూఈ, 2018లో జపాన్‌లో షోగి ఆట కోసం యూ నాసు తయారుచేసింది. కొత్త వెర్షన్లలో ఆ నెట్‌వర్కే పదుల ఎంబీలుంటుంది. ఇంజిన్ ఒకేసారి నడిపే ఆలోచన పాయల్లో, అంటే థ్రెడ్లలో, ప్రతిదానికీ విడిగా పట్టికలు కూడా ఉంటాయి. కంగారుపడాల్సింది ఏమీ లేదు.

కొన్ని ఇంజిన్ల మెమరీ అంకె ఆట సాగేకొద్దీ మెల్లగా పెరుగుతుంది. లీకేజీ అనుకుంటారు, చాలాసార్లు కాదు. ప్రోగ్రాం మెమరీ అడిగినంత మాత్రాన విండోస్ ర్యామ్ ఇచ్చేయదు, ఆ పేజీని తాకినప్పుడే ఇస్తుంది. పట్టిక నిండేకొద్దీ అంకె పెరుగుతుంది. స్టాక్‌ఫిష్ మొదట్లోనే పట్టికంతా సున్నాలతో నింపుతుంది కాబట్టి, దాని అంకె మొదటి నిమిషంలోనే పూర్తిగా కనపడుతుంది.

ర్యామ్ క్లీనర్, బూస్టర్ అని రకరకాల పేర్లతో దొరికే ప్రోగ్రాముల సంగతి గట్టిగా చెప్పాలి. ర్యామ్ తక్కువున్నవాళ్ళే వీటిని వెతుక్కుని వేసుకుంటారు కాబట్టి ఇంకా బాధ. వీటిలో చాలావాటి పని ఒక్కటే: నడుస్తున్న ప్రోగ్రాములన్నిటి వర్కింగ్ సెట్‌నీ బలవంతంగా ఖాళీ చేయడం. మినిమైజ్ చేసినప్పుడు ఎక్స్‌పీ ఒక్క బోర్డు ప్రోగ్రాంకి చేసిన పనిని ఇవి ఇంజిన్లకి కూడా చేస్తాయి. ఖాళీ ర్యామ్ పెరిగినట్టు పెద్ద అంకె చూపిస్తాయి. మరుక్షణం ఇంజిన్ తన లక్షల పేజీలనీ ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చుకోవాలి, అదీ గడియారం నడుస్తుండగా. ఇంజిన్ మ్యాచ్ పెట్టే యంత్రంలో ఇలాంటిది ఉంటే తీసేయండి.

ప్రత్యర్థి వంతులో కూడా ఆలోచించడాన్ని పాండరింగ్ అంటారు. మ్యాచ్‌లో అది ఆపి ఉంటే, ఒక ఇంజిన్ ఆలోచిస్తున్నంతసేపు రెండోది నిద్రపోతుంది. ర్యామ్ ఇరుకైన యంత్రంలో విండోస్ ముందు చూసేది ఈ నిద్రపోయేదాని పేజీలవైపే. వంతు రాగానే అవి డిస్క్ నుంచి దిగాలి, ఆ ఆలస్యం దాని గడియారం మీదే పడుతుంది.

హ్యాష్‌ని ఎవరూ కదిలించకుండా కట్టేసే మార్గం ఒకటుంది. లార్జ్ పేజెస్ అంటారు. 4 కేబీకి బదులు 2 ఎంబీ పేజీలు. 1 జీబీకి 2,62,144 పేజీల చోట 512 సరిపోతాయి. విండోస్ ఈ పెద్ద పేజీలని పేజ్‌ఫైల్‌కి పంపదు, వర్కింగ్ సెట్ కత్తిరింపుకీ అవి చిక్కవు. చిరునామాలు వెతికే పని తగ్గి వేగం కూడా పెరుగుతుంది. సాధారణంగా 5 నుంచి 10 శాతం, కొన్ని సందర్భాల్లో 30 శాతం వరకు అని స్టాక్‌ఫిష్ తయారీదారులే చెప్పారు. విండోస్‌లో దీనికి 'లాక్ పేజెస్ ఇన్ మెమరీ' అనే హక్కు మన ఖాతాకి ఇచ్చుకోవాలి, ఇంజిన్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడపాలి. దొరకకపోతే స్టాక్‌ఫిష్ చప్పుడు చేయకుండా మామూలు పేజీలకి మారిపోతుంది. కంప్యూటర్ చాలాసేపు నడిచాక ర్యామ్ ముక్కలుముక్కలై 2 ఎంబీల ఏకఖండాలు దొరకవు కాబట్టి, రీస్టార్ట్ చేసిన వెంటనే మ్యాచ్ మొదలుపెట్టడం మేలు.

మెమరీ బాగానే ఉన్నా మినిమైజ్ వల్ల వచ్చే చిక్కు ఇంకోటుంది, గడియారంది. మ్యాచ్‌లో గడియారం నడిపేది ఇంజిన్ కాదు, బోర్డు ప్రోగ్రాం. విండోస్ 11లో ఒక ప్రోగ్రాం విండో మినిమైజ్ అయినా, పూర్తిగా వేరే విండో వెనక దాగినా, దానికి మామూలుకన్నా సూక్ష్మమైన టైమర్ ఇస్తానన్న హామీ ఉండదని మైక్రోసాఫ్ట్ తన పత్రాల్లోనే రాసింది. మామూలు టైమర్ సుమారు 15.6 మిల్లీసెకన్లకి ఒకసారి కొడుతుంది. ఎత్తు పంపడంలో పోయే కాలానికి స్టాక్‌ఫిష్ వదిలిపెట్టే జాగా, అంటే మూవ్ ఓవర్‌హెడ్, మార్చకపోతే 10 మిల్లీసెకన్లే. ఐదు నిమిషాల గేముల్లో ఈ తేడా ఎవరికీ పట్టదు. సెకన్లలో ముగిసే గేముల్లో మాత్రం ఇంజిన్ గెలుపు స్థానంలో ఉండి టైమ్ అయిపోయి ఓడొచ్చు. అలాంటి గేములు పెట్టేటప్పుడు మూవ్ ఓవర్‌హెడ్‌ని 50కో 100కో పెంచండి. లేదంటే క్యూట్‌చెస్-సీఎల్ఐ లాంటి, బోర్డు గీసే పనే లేని ప్రోగ్రాంతో మ్యాచ్ నడపండి.

ల్యాప్‌టాప్ ఛార్జర్‌కి తగిలించి ఉండాలి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు విండోస్ 11 కంటికి కనపడని విండోల ప్రోగ్రాములని పొదుపు వరసలో వేస్తుంది. ఇంటెల్ 12వ తరం నుంచి వచ్చిన రెండు రకాల కోర్ల చిప్‌లలో వాటిని నెమ్మది కోర్ల వైపు పంపుతుంది. మ్యాచ్ మధ్యలో కరెంటు పోతే ఆ తర్వాతి గేములు వేరే యంత్రం మీద ఆడినట్టే లెక్క.

మినిమైజ్ చేసినా బోర్డు ప్రోగ్రాం ఒక పని మాత్రం మానకూడదు, ఇంజిన్ పంపే వాక్యాలని చదవడం. ఇంజిన్ తన ఆలోచనని నిమిషానికి ఎన్నో వరసలుగా ఒక గొట్టంలోకి పంపుతూ ఉంటుంది, దాన్ని పైప్ అంటారు. అవతలివైపు ఎవరూ చదవకపోతే ఆ కొద్దిపాటి జాగా నిండిపోతుంది. నిండాక ఇంజిన్ తర్వాతి వరస రాయబోయి అక్కడే నిలిచిపోతుంది. హ్యాంగ్ అయ్యిందని మనం అనేవాటిలో ఇదొక రకం. బాగా రాసిన ప్రోగ్రాములు చదవడానికి విడిగా ఒక థ్రెడ్ పెట్టుకుంటాయి, బొమ్మ గీయడం ఆగినా చదవడం ఆగదు. నిజానికి బోర్డు గీసే పని, వరసలు చూపించే పని తగ్గడం ఇంజిన్లకి కాస్త మేలే, ముఖ్యంగా రెండు కోర్ల పాత ల్యాప్‌టాప్‌లో.

లైనక్స్‌లో ఏ విండో మినిమైజ్ అయిందో కెర్నల్‌కి తెలియను కూడా తెలియదు. కాబట్టి అక్కడ ఈ కత్తిరింపు లేదు. మ్యాక్‌లో 2013లో వచ్చిన మావెరిక్స్ నుంచి యాప్ న్యాప్ అనే ఏర్పాటు ఉంది, కనపడని ప్రోగ్రాంల టైమర్లని అది నెమ్మది చేయగలదు.

బ్రౌజర్‌లో ఇంజిన్ నడిపితే కథ మారుతుంది. లీచెస్ అనే చెస్ వెబ్‌సైట్ విశ్లేషణ బోర్డులో స్టాక్‌ఫిష్ మన కంప్యూటర్ మీదే, బ్రౌజర్ లోపలే నడుస్తుంది. దాని హ్యాష్ బ్రౌజర్ మెమరీలో భాగం. ట్యాబ్‌ని వెనక వదిలేస్తే క్రోమ్ దాని టైమర్లని బిగిస్తుంది, మెమరీ సేవర్ ఆన్‌లో ఉండి చాలాసేపు అలాగే వదిలేస్తే ట్యాబ్‌నే దించేయొచ్చు. అప్పుడు పోయేది వర్కింగ్ సెట్ ఒక్కటే కాదు, హ్యాష్ మొత్తం.

ఫోన్‌లో ఇంకా కఠినం. హోమ్ బటన్ నొక్కితే ఐఫోన్ యాప్‌ని కాసేపట్లో స్తంభింపజేస్తుంది. ఆండ్రాయిడ్ ర్యామ్ చాలకపోతే వెనకున్న యాప్‌ని చంపేస్తుంది. డ్రాయిడ్‌ఫిష్ లాంటి యాప్‌లో పెద్ద విశ్లేషణ పెట్టి వాట్సాప్ చూసి వస్తే, కొన్నిసార్లు అంతా మొదటికొస్తుంది.

ఎండ్‌గేమ్ పట్టికల గురించి ఒక్క మాట. రొనాల్డ్ డి మాన్ 2013లో తెచ్చిన సిజిజీ పట్టికలు బోర్డు మీద కొన్నే పావులు మిగిలినప్పుడు తప్పులేని తీర్పు చెబుతాయి. ఐదు పావుల వరకు అయితే 1 జీబీ లోపు. ఆరు పావులకి 150 జీబీ దాకా. ఇంజిన్ వీటిని ర్యామ్‌లోకి ఎత్తుకోదు, డిస్క్ మీది ఫైల్‌ని మెమరీ చిరునామాలకి జతచేసుకుని కావలసిన ముక్కే చదువుతుంది. అందుకే వీటిని కలిపినప్పుడు టాస్క్ మేనేజర్‌లో కమిట్ సైజ్ పెద్దగా మారదు. ఐదు పావులవి పెట్టుకుని, వాటికోసం ర్యామ్‌లో ఒక జీబీ ఖాళీ వదిలితే సిద్దిపేట ల్యాప్‌టాప్‌కి అది చాలు. ఆరు పావులవి హార్డ్‌డిస్క్ మీద పెడితే లాభం కన్నా నష్టమే ఎక్కువ.

మీ యంత్రంలో పరిస్థితి ఏమిటో తెలుసుకోవడానికి కొత్తగా ఏదీ ఎక్కించక్కర్లేదు. మ్యాచ్ మొదలుపెట్టి, విండోని మినిమైజ్ చేసి, విండోస్‌తోపాటే వచ్చే రిసోర్స్ మానిటర్ తెరవండి. మెమరీ ట్యాబ్‌లో 'హార్డ్ ఫాల్ట్స్ పర్ సెకండ్' అనే నిలువు వరస ఉంటుంది. రెండు ఇంజిన్ల పేర్ల పక్కన మొదటి కొన్ని సెకన్ల తర్వాత సున్నా నిలబడితే అంతా సవ్యం. ఎండ్‌గేమ్ పట్టికలు పెట్టుకుంటే గేము చివర్లో అంకెలు కనపడటం మామూలే. ఆట మధ్యలో, పావులన్నీ ఉండగానే ఆ అంకె మాటిమాటికీ పైకి లేస్తుంటే మాత్రం మ్యాచ్ ఆపేయండి. హ్యాష్‌ని సగం చేసి మొదటి గేము నుంచి మళ్ళీ ఆడించండి. అప్పటిదాకా వచ్చిన స్కోరుని ఏ ఇంజిన్ ఖాతాలోనూ రాయకండి.